చేతికి చిక్కని గుంట

మా ఆడపడుచును ఇంట్లో అందరం రేడియో అంటాం. పొద్దున్న కళ్లు తెరిచింది మొదలు మళ్లీ దిండు మీద తల వాల్చేదాకా ఆ నోరు మూతపడదు. పక్కింటి పిల్లి ఈనిన సంగతి, మందుల షాపు ఆయన జుట్టుకు రంగేసుకున్న సంగతి, తనకు కలలో పన్ను ఊడిన సంగతి, అన్నీ ఒకే గొంతుతో వినిపించేస్తుంది. నేను వదినను కాబట్టి ఆమెను ఆటపట్టించే హక్కు నాకుంది. నన్ను సాధించే హక్కు ఆమెకుంది. ఇద్దరం మా హక్కులను ఏనాడూ వదులుకోలేదు. ఇప్పుడు మాత్రం నా ముందు ఆమెను ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోను. ఎందుకో చెబుతాను.

మాది పరుపుల దుకాణం. ముందు గదిలో అమ్మకం, మధ్య గదిలో కుట్టుపని, వెనక గదిలో దూది బస్తాలు. గుడ్డ కత్తిరించడం, సరుకు చేరవేయడం మా ఆయన చూసుకుంటారు. కుట్టేది నేనూ రేడియోనూ. ఆమె పెళ్లయ్యాక కూడా రెండు వీధుల అవతలే కాపురం పెట్టి, పొద్దున్నే మా దుకాణంలో వాలిపోతుంది.

పరుపులో దూది నింపి అంచులు కుట్టేశాక, లోపలి దూది ఒకవైపుకు జరిగిపోకుండా పొడవాటి సూదితో పైనుంచి కిందికి దారం గుచ్చి, బిగించి ముడివేస్తాం. బిగించిన ప్రతిచోటా గుడ్డ లోపలికి లాక్కుపోయి చిన్న గుంట పడుతుంది. ఆ గుంటల వరసలు వేసేది రేడియో. లోపల ఎక్కడైనా దూది ఉండ కట్టిందేమో వెతికేది నేను. అది కంటితో చూసే పని కాదు. మూడు వేళ్లు ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పుకుంటూ ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోవాలి. మా మామగారు నాకు ఈ పని నేర్పేటప్పుడు కళ్లు మూసుకోమనేవారు. "పైన గుడ్డ ఎంత నున్నగా ఉన్నా నమ్మకమ్మా. చెయ్యి ఏం చెబితే అదే" అనేవారు. బఠాణీ గింజంత ఉండ కూడా నా వేళ్ల నుంచి తప్పించుకోలేదు. ఈ విషయంలో నాకు కాస్త పొగరుంది, దాచడమెందుకు.

ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఒకసారి మా వీధి ఆడవాళ్లందరినీ పిలిచి రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పింది. మేమిద్దరం వెళ్లాం. రొమ్ములో కొత్తగా గడ్డ ఉంటే ఎలా తెలుసుకోవాలో ఆవిడ ఒక మెత్తని బొమ్మ మీద చూపించింది. మూడు వేళ్లు ఆనించి, చిన్న సున్నాలు చుట్టుకుంటూ, పైన మెడ కింది ఎముకదాకా, పక్కన చంకదాకా తడిమి చూడాలట. నాకు నవ్వాగలేదు. రోజంతా నేను చేసే పనే అది! బొమ్మలో దాచిన గడ్డలన్నింటినీ అందరికంటే ముందు నేనే పట్టేశాను. నర్సమ్మ శభాష్ అంది. అక్కడితో పాఠం అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాత ఆవిడ అద్దం గురించి చెప్పిందేదీ నా చెవికెక్కలేదు.

రేడియో మాత్రం ఒక్క ముక్క వదల్లేదు. మర్నాడు సూదిలో దారం ఎక్కిస్తూ మొత్తం మళ్లీ అందుకుంది.

"గడ్డ ఒక్కటే కాదట వదినా. ఒక పక్క ఆకారం మారినా, చర్మం ఎర్రబడినా, నారింజ తొక్కలా అయినా, చనుమొన నుంచి రక్తం లాంటిది వచ్చినా, ఎప్పుడూ లేనిది మొన లోపలికి పోయినా వెళ్లి చూపించుకోవాలట. అద్దం ముందు నిలబడి చేతులు దించి ఒకసారి, ఎత్తి ఒకసారి, నడుం మీద పెట్టుకుని ఒకసారి చూసుకోవాలట. కనబడినవాటిలో చాలావరకు క్యాన్సర్ కావట. కానీ అవునో కాదో తేల్చాల్సింది మనం కాదట."

ముందు గదిలో దిండు బేరమాడుతున్న పెద్దాయన ఆ దిండును అక్కడే పెట్టేసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

"బేరం చెడగొట్టావు కదే!" అన్నాను. "నీ అద్దం నువ్వే చూసుకో. నా చెయ్యి నాకు చాలు."

నిజంగానే చాలనుకున్నాను. అప్పటినుంచి నెలకోసారి స్నానం చేసేటప్పుడు తడిమి చూసుకునేదాన్ని. పరుపు చూసినట్టే, కళ్లు మూసుకుని మరీ చూసుకునేదాన్ని. ఏమీ తగిలేది కాదు. నా అంత జాగ్రత్త గల మనిషి ఈ వీధిలోనే లేదని నాలో నేనే మురిసిపోయేదాన్ని.

పని ముగిశాక మా ఒళ్లంతా దూదే. ఇంటికెళ్లే ముందు వెనక గదిలో బట్టలు మార్చుకుంటాం. జుట్టులో చిక్కుకున్న దూది తీసుకోవడానికి అక్కడ గోడకు ఒక అద్దం ఉంది. ఆ సాయంత్రం నేను దుమ్ము పట్టిన బట్టలు విప్పి, ఉతికిన బట్టలు తలమీంచి వేసుకోవడానికి చేతులు పైకెత్తాను. వెనక నా జడలోంచి దూది ఏరుతున్న రేడియో, మందుల షాపు ఆయన భార్యకు కూడా రంగు పూశాడని చెబుతోంది. మాట మధ్యలో ఆగిపోయింది.

ఆమె మాట మధ్యలో ఆగడం నేనెప్పుడూ చూడలేదు. తేలో పామో అనుకుని గబుక్కున కిందికి చూశాను.

"ఏమైందే?"

"చేతులు మళ్లీ ఎత్తు వదినా."

"ఎందుకు?"

"ఎత్తమన్నానా!"

ఎత్తాను. ఆమె అద్దంలోకి వేలు చూపించింది. నా ఎడమ రొమ్ము కిందివైపు, వేలికొన పట్టేంత గుంట. చేతులు దించాను, పోయింది. ఎత్తాను, వచ్చింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. వెంటనే కళ్లు మూసుకుని అక్కడ వేళ్లు పెట్టి చూశాను. పైనా కిందా పక్కలా అంతా తిప్పాను. నా చేతికి ఏమీ తగల్లేదు.

"ఏమీ లేదే. లోబట్టలు బిగుతై నొక్కుకుపోయి ఉంటుంది."

"లోబట్టలు నొక్కుకుపోతే చేతులు దించినా ఉంటుంది కదా."

"వయసు మీద పడుతోంది, ఒళ్లన్నాక ముడతలు పడవా? ఇన్నేళ్లుగా ఉండలు పట్టేది నేను. నా చేతికి లేనిది నీ కంటికి ఉందా?"

రేడియో నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. మొహం పాలిపోయి ఉంది.

"వదినా, గుంటలు వేసేది నేను. గుడ్డ మీద గుంట ఊరికే పడదు. లోపల ఏదో పట్టి లాగుతుంటేనే పడుతుంది."

 నేను ఒప్పుకోలేదు. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, అది నా తీరు. ఒంటికాలి మీద లేచాను. నేనేమన్నా పరుపునా అన్నాను. నర్సమ్మ మాట నాలుగు ముక్కలు వినేసరికి డాక్టరువైపోయావా అన్నాను. హాస్టలు వాళ్లకు ఇవ్వాల్సిన పరుపులు గుట్టగా పడి ఉన్నాయి, అవి పంపించాక చూద్దాం, ఈలోపు మీ అన్నయ్య చెవిన వేశావంటే చూడు అన్నాను.  ఆమె బట్టలు మార్చుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు వచ్చింది. వచ్చి, కుట్టిన పరుపుల గుట్టమీదికి ఎక్కి కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"దిగి సూది పట్టుకోవే."

"నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా సూది ముట్టను. మాట కూడా మాట్లాడను."

అదే ఆమె ఆ రోజు మాట్లాడిన చివరి మాట. బతిమాలాను, తిట్టాను, నవ్వించబోయాను. మూతి ముడుచుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. సాయంత్రం దిగి ఇంటికి వెళ్లింది. మర్నాడు మళ్లీ వచ్చి ఎక్కింది. దుకాణంలో కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే "ఆవిడ ఊళ్లో లేరా?" అని అడుగుతున్నారు. పరుపు మీద ఉన్న ఆమెను చూపిస్తే, ఒంట్లో బాగాలేదేమోనని జాలిపడుతున్నారు. మా ఆయనకు ఏమీ అర్థంకాక నన్ను పక్కకు పిలిచారు.

"ఏంటి దీని సంగతి? దయ్యం పట్టిందా, మా బావతో గొడవపడిందా?"

"నాకేం తెలుసు? మీ చెల్లెల్నే అడగండి."

అడిగారు. ఆమె నావైపు వేలు చూపించి ఊరుకుంది. ఆయన మొహం నావైపు తిప్పారు. చెప్పక తప్పలేదు. విన్నాక ఆయన కత్తెర కింద పెట్టి, నాతో ఒక్క మాట కూడా వాదించకుండా, దుకాణం తలుపులు మూసేశారు. ఆర్డరు మాటేమిటని అడిగితే, "వాళ్లు ఇంకొన్నాళ్లు కింద పడుకుంటారులే" అన్నారు. అప్పుడు దిగింది మహాతల్లి గుట్టమీంచి. దిగీ దిగగానే మొదలుపెట్టింది, ఆస్పత్రి గుమ్మందాకా ఆపలేదు. ఆ గొంతు వింటుంటే ప్రాణం లేచొచ్చింది.

డాక్టరమ్మ నన్ను నిలబెట్టి చేతులు దించమంది, ఎత్తమంది, నడుం మీద పెట్టి గట్టిగా నొక్కమంది, ముందుకు వంగమంది. ప్రతిసారీ చూసింది. ఆ తర్వాతే చెయ్యి పెట్టి చూసింది.

"దీన్ని ఎవరు గమనించారు?"

"మా ఆడపడుచు. నా చేతికైతే ఏమీ తగలట్లేదండీ."

"నా చేతికీ సరిగా తగలట్లేదు" అందావిడ. "కొన్ని గడ్డలా కట్టవమ్మా. పోగులు పోగులుగా పాకుతాయి. చేతికి దొరకవు. పక్కనున్న కండను లాగి పట్టుకుంటాయి, అప్పుడు చర్మం మీద ఇలా కనబడుతుంది. అదేనని ఇప్పుడే చెప్పలేను. పరీక్షలు చేద్దాం."

రొమ్ముకు ఎక్స్‌రే లాంటి మామోగ్రామ్ తీశారు, స్కానింగ్ చేశారు, సూదితో చిన్న ముక్క తీశారు. ఆ ముక్క సంగతి తేలేదాకా మేం పని చేసుకుంటూనే ఉన్నాం. హాస్టలు పరుపులు పూర్తయ్యాయి. అప్పుడు నేను వెతికిన పరుపుల్లో ఒక్కటైనా సరిగా చూశానో లేదో నాకే తెలియదు.

ఫలితం చెప్పిన రోజు డాక్టరమ్మ కుర్చీ నా దగ్గరికి లాక్కుంది. అప్పుడే అర్థమైంది. క్యాన్సరే. అయితే ఇంకా చిన్నదే, చంకలోకి పాకినట్టు లేదు, రొమ్మంతా తీసేయాల్సిన పని లేదు, ఆ మేరకు తీసేసి రేడియేషన్ ఇచ్చి మాత్రలు వాడితే సరిపోతుందనుకుంటున్నామని చెప్పింది. "మీరు గడ్డ తగిలేదాకా ఆగి ఉంటే మనం మాట్లాడుకునే మాటలు వేరేగా ఉండేవి" అంది. మా ఆయన తల వంచుకుని నా చెయ్యి పట్టుకున్నారు. నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు.  రేడియో మాత్రం డాక్టరమ్మను ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, ఆపరేషన్ గదిలో చలిగా ఉంటుందా అన్నదాకా వెళ్లింది.

ఆపరేషన్ నుంచి రేడియేషన్ దాకా ప్రతిసారీ నాతో వచ్చింది మా రేడియోనే. మా ఆయన వస్తానన్నా, దుకాణం చూసుకో అన్నయ్యా అని ఆపేసేది. బయట బెంచీమీద కూర్చుని, నేను లోపలికి వెళ్లేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. నేను బయటికి వచ్చేసరికి ఆ బెంచీమీద ఉన్న వాళ్లందరి కుటుంబాల సంగతులు సేకరించి ఉంచేది. ఒకావిడ కోడలికి కవలలు పుట్టారని నాకు మత్తు పూర్తిగా దిగకముందే తెలుసు. నీరసంగా ఉండి తినబుద్ధి కానప్పుడు తినిపించేదాకా వదిలేది కాదు. నేను విసుక్కుంటే విసుక్కోనిచ్చేది. సొంత తోబుట్టువైనా ఇంత చేస్తుందా? సొంత అక్కాచెల్లెళ్లు లేని లోటు నాకు ఏనాడూ తెలియకుండా చేసింది. ఆ మాట అప్పట్లో ఆమెతో అనలేదు. మా ఇద్దరి మధ్య అలాంటి మాటలు అలవాటు లేదు.

మళ్లీ దుకాణానికి వచ్చాను. చెయ్యి పూర్తిగా పైకెత్తడానికి కొన్నాళ్లు పట్టింది, ఇప్పుడు ఎత్తుతున్నాను. పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టరమ్మ చెప్పిన రోజున ఒళ్లు తేలికైపోయింది. పాత నోరు కూడా తిరిగొచ్చింది. ఒక సాయంత్రం వెనక గదిలో బట్టలు మార్చుకుంటూ అన్నాను.

"ఏమే, ఊరందరి ఒళ్లూ చూస్తావు. నీది చూసుకుంటున్నావా? నీ వయసుకు మామోగ్రామ్ తీయించుకోవాలని డాక్టరమ్మ అందిగా, ఎప్పుడు వెళ్తున్నావ్?"

"వెళ్తాలే వదినా. ఆ మందుల షాపాయన ఉన్నాడు చూడూ..."

"షాపాయన సంగతి అడగలేదు."

అటు తిరిగి గబగబా గుండీలు పెట్టుకోసాగింది. అప్పుడు తట్టింది నాకు. ఈ గదిలో ఇన్నేళ్లుగా ఇద్దరం బట్టలు మార్చుకుంటున్నాం, ఆమె ఏనాడూ అద్దంవైపు తిరిగి మార్చుకోలేదు. నా వెనకే, అవతలి గోడవైపు తిరిగే ఉండేది.

"చూసుకోవట్లేదు కదూ?"

 గుండీలు పెట్టుకోవడం ఆపి బస్తామీద కూలబడింది.

"నాకు ఒక పక్క మొన లోపలికి ఉంటుంది వదినా. ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా. ఆ నర్సమ్మ అది కూడా ఒక లక్షణమని చెప్పిందిగా. ఆ రోజు నుంచి నేను అద్దంలో నా ఒళ్లు చూసుకోలేదు."

"ఎప్పటినుంచి ఉంది అలా?"

"చిన్నప్పటినుంచీ ఉంది. అంటే... ఉందనే అనుకుంటున్నా. ఇప్పుడు ఇంకా లోపలికి పోయిందేమో, ఏమో. చూస్తే తెలిసిపోతుంది కదా. తెలిస్తే ఎలా?"

 నర్సమ్మ చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా ఆమె వీధి వీధంతా ఎందుకు చెప్పిందో, నా ఒంటిమీద వేలికొనంత గుంట ఆమె కంట్లో ఎందుకు పడిందో అప్పుడు అర్థమైంది. తన ఒంటి గురించిన భయాన్ని కడుపులో దాచుకుని, నాకోసం పరుపుల గుట్టెక్కింది. అదే భయంతో అన్నాళ్లూ క్యాన్సర్ ఆస్పత్రి బెంచీమీద కూర్చుని, పక్కవాళ్ల మనవల సంగతులు అడిగి నాకు చెప్పింది. వేరేవాళ్లయితే ఆ గుమ్మం తొక్కేవారు కాదు.

తిట్టాలనిపించలేదు. ఆమె పక్కనే బస్తామీద కూర్చున్నాను.

"ఎప్పటినుంచో ఉన్నది వేరట, కొత్తగా వచ్చింది వేరట. నువ్వే చెప్పావు నాకు, గుర్తుందా? తేల్చాల్సింది మనం కాదని కూడా నువ్వే చెప్పావు. రేపు వెళ్దాం. నేను వస్తాను."

"నువ్వు లోపలికి రావద్దు వదినా. బయటే ఉండు. ఎదురుగా నువ్వుంటే ఏడుస్తాను."

మర్నాడు వెళ్లాం. దారంతా ఆమె మాట్లాడలేదు, నేనే మాట్లాడాను. ఏం మాట్లాడానో తెలియదు. పరుపుల గురించి, వర్షం గురించి, నోటికి వచ్చిందల్లా. పేరు పిలిచాక ఆమె లేచి ఒకసారి వెనక్కి చూసి తలుపు లోపలికి వెళ్లింది. నేను బెంచీమీద మిగిలాను.

అన్నిసార్లు ఆ ఆస్పత్రికి వచ్చాను, ఎప్పుడూ తలుపుకు అవతలే ఉన్నాను. లోపల ఉన్నవాళ్లకు ఏదో ఒకటి చేస్తుంటారు. చెయ్యెత్తమంటారు, ఊపిరి బిగబట్టమంటారు, కాలం గడిచిపోతుంది. బయట కూర్చున్నవాళ్లకు చేయడానికి ఏమీ ఉండదు. పక్కన కూర్చున్నావిడను టైమెంతైందని అడిగాను, ఆవిడ చెప్పాక మళ్లీ అదే అడిగాను. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడి, ఆమె కాదని మళ్లీ కూర్చున్నాను. ఈమెకు ఏమన్నా అయితే నేనేం చేయాలి, మా ఆయనకు ఏం చెప్పాలి, వీళ్లాయనకు ఏం చెప్పాలి. ఇదంతా ఆమె నాకోసం ఇక్కడ కూర్చుని ఎన్నిసార్లు పడిందో! పడి, నేను బయటికి రాగానే నవ్వుతూ ఎదురొచ్చేది.

చాలాసేపటికి డాక్టరమ్మే ఆమెను వెంటబెట్టుకుని బయటికి వచ్చింది. నన్ను చూసి నవ్వింది.

"ఏమీ లేదమ్మా. మామోగ్రామ్ కూడా శుభ్రంగా ఉంది. అది ఈవిడకు పుట్టుకతో వచ్చిన తీరు, అంతే. చాలామందికి ఉంటుంది. ఇకనుంచి ఈవిడకు మామూలంటే ఇదే. దీంట్లో మార్పేమైనా వస్తే మాత్రం వెంటనే రావాలి. అది తెలియాలంటే అద్దం చూసుకోవాలి మరి."

తల ఊపాను.  అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. నాకు క్యాన్సర్ అని చెప్పిన రోజు ఒక్క చుక్క రాలేదు. ఇప్పుడు అంతమంది జనంలో, కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగకుండా, వెక్కి వెక్కి ఏడ్చాను. రేడియో కంగారుగా వచ్చి నా పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఏమీ లేదన్నారు కదా వదినా. ఎందుకేడుస్తావ్?"

"లేదన్నారనే ఏడుస్తున్నానే" అన్నాను.